సొట్ట డబ్బాలోని కండెలు

జనవరి పద్దెనిమిది, ఆదివారం. ఆ రోజు ధర్మవరంలో మా బావమరిది చెన్నకేశవులు ఇంట్లో రాగి సంగటి, పితికిపప్పు పులుసు తిన్నాను. అనపకాయలు బాగా దొరికే కాలం. నానబెట్టిన గింజను వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తోలు ఊడి పప్పు బయటికి జారుతుంది. ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటూ చేసే పని అది. నేను వెళ్ళేసరికి బాలనాగమ్మ ఒక్కతే గిన్నె ముందు పెట్టుకుని పితుకుతోంది. ఆమె మొగుడు పక్కనే ఉన్నాడు గానీ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమబ్బా కేశవా, కొత్తల్లుని మాదిరి కూర్చున్నావు?" అన్నాను.

"ఆయప్ప పితికితే పప్పు కాదన్నా, పిండి అయితాది," అంది బాలనాగమ్మ. "మొన్న సగం గింజలు నలిపి పెట్టినాడు. నేనే వద్దంటి."

కేశవులు నవ్వాడు. నేనూ నవ్వాను. పులుసు బాగుందని ఇంకో గరిటె వేయించుకుని తిన్నాను. వేలికొనలతో పట్టుపోగు తెగిన చోటు వెతికి ముడివేసే మనిషి అనపగింజ పితకలేకపోవడం ఏమిటని ఆ పూట నాకు తోచలేదు.

కేశవులు నా భార్య వసుంధరకు తమ్ముడు. ఆమె పోయి మూడేళ్ళయింది. నేను హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక పెనుకొండలో మా నాయన కట్టిన చిన్న ఇంట్లో ఉంటున్నాను. కేశవులుది ధర్మవరంలో సొంత మగ్గం. పిల్లలు లేరు. మొగుడూ పెళ్ళాం ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని పట్టుచీరలు నేస్తారు.

వాడికి క్షయ మొదటిసారి వచ్చింది రెండేళ్ళ కిందట. దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒళ్ళు తేరుకోగానే బాగయిపోయిందనుకుని మాత్రలు మధ్యలో మానేశాడు. దానికి తోడు చక్కెర జబ్బు. నిరుడు వానల్లో దగ్గు తిరిగొచ్చింది. నేను పెనుకొండకు పిలిపించి ఆసుపత్రిలో చూపిస్తే, కఫం పరీక్ష చేసి, ఈసారి క్రిమి మామూలు మందులకు లొంగే రకం కాదని చెప్పారు. డాక్టరమ్మ పేరు రాధిక. చిన్న వయసు, పెద్ద గొంతు.

"మందు సగంలో ఆపితే చావగా మిగిలిన క్రిములు మొండివవుతాయి. ఇప్పుడు వేరే మందులు, ఖరీదైనవి, ప్రభుత్వం ఊరికే ఇస్తోంది. ఆరు నెలలు. ఒక్క రోజు కూడా వదలకూడదు," అందామె.

కేశవులు ఆ చివరి మాటను మంత్రంలా పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి మాత్రలు వేసుకునే వేళకు తలుపు తట్టినా పలికేవాడు కాదు.

మొదటి రెండు నెలలూ వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. ధర్మవరంలో వాళ్ళ ఇల్లంటే ముందొక వసారా, మగ్గం గది, వంటిల్లు, అంతే. మగ్గం గది కిటికీలు ఎప్పుడూ మూసే ఉండేవి. మా వైపు పొడిగాలికి పచ్చిపట్టు పోగు పెళుసుబారి తెగుతుంది. అందుకని నేసేవాళ్ళు గాలిని గదిలోకి రానివ్వరు. జబ్బు తిరిగొచ్చిందని తెలిసిన రోజు, వాడింకా మా ఇంటికి రాకముందు, బాలనాగమ్మ మొగుడికి కంచం వేరు పెట్టింది, గ్లాసు వేరు పెట్టింది. మగ్గంలో అటూ ఇటూ విసిరే నాడె రంధ్రంలోంచి పోగును నోటితో పీల్చి లాగుతారు గనక నాడెను కూడా వేడినీళ్ళలో వేసి కడిగింది. అంతా చేసి, కిటికీ మాత్రం మూసే ఉంచింది. దగ్గే మనిషి పక్కన, మూసిన గదిలో, పొద్దంతా కూర్చున్నది మాత్రం ఎవరికీ తప్పనిపించలేదు. డాక్టరమ్మ అది విని తల పట్టుకుని, వెంటనే ఆమెకు ఎక్స్‌రే తీయించింది. ఏమీ లేదని తేలింది. ఆ ఎక్స్‌రే కవరు చేతికిచ్చిన ఆయా "ఏమీ లేదంటమ్మా, పోయి కాఫీ తాగు" అని బాలనాగమ్మ భుజం తట్టింది. ఆ తట్టడం నాకు ఇప్పటికీ గుర్తే.

తర్వాత వాళ్ళే ఒక ఉపాయం కనిపెట్టారు. కిటికీలు తెరిచి, వాటికి తడి గోనెపట్టాలు వేలాడదీశారు. గాలీ ఆడింది, పట్టూ తెగలేదు.

మా ఇంట్లో ఉన్నన్నాళ్ళు ముందు గది తలుపు రాత్రింబవళ్ళు తెరిచే ఉండేది. గాలి ఆడాలని డాక్టరమ్మ చెప్పింది. వీధికుక్క ఒకటి వచ్చి గుమ్మంలో పడుకునేది. కఫంలో క్రిమి కనబడటం లేదని తేలాక, ఇక ఎవరికీ అంటదని చెప్పి ఇంటికి పొమ్మన్నారు. కొంచెం కొంచెం నేసుకోవచ్చన్నారు కూడా. అయినా కేశవులు ధర్మవరం పోయి వసారాలో మంచం వేసుకున్నాడు. లోపలి తలుపు గాలికని తెరిచే ఉంచి, చలికాలమంతా అక్కడే పడుకున్నాడు. "డాక్టరమ్మ చెప్పినా నమ్మడన్నా. నేను దగ్గరికి పోతే దుప్పటి మూతికి అడ్డం పెట్టుకుంటాడు," అని బాలనాగమ్మ నాతో ఒకసారి అంది.

ఆ ఆదివారం భోజనాలయ్యాక ఆమె కొత్తచెరువు బస్సెక్కింది. అక్కడ వాళ్ళక్క కోడలికి సీమంతం. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "నేనొచ్చేదాకా మగ్గం జోలికి పోవాకు" అని మొగుడికి రెండుసార్లు చెప్పింది.

ఆమె సందు మలుపు తిరిగిందో లేదో, "బావా, నువ్వు పక్కన కూర్చుంటావా? కండెలు అందిస్తే చాలు, మూరెడు నేస్తా. చేతులు ఊరికే పెట్టుకుని పిచ్చెక్కుతాండాది," అన్నాడు కేశవులు.

అడ్డంగా నేసే పేక పోగు చుట్టిన చిన్న పుల్లల్ని కండెలంటారు. కండెను నాడెలో పెట్టి, నిలువు పోగులైన పడుగులోంచి అటూ ఇటూ విసురుతారు. మగ్గం మీద ఉన్న చీరకు పడుగు పసుపు. దాంట్లో కుంకుమరంగు పేక పడితే నిప్పు రంగు వస్తుంది. చిలకపచ్చ పేక పడితే లేత మామిడాకు రంగు వస్తుంది. ఒంటికంతా కుంకుమ, కొంగుకు చిలకపచ్చ. గూట్లో రెండు స్టీలు డబ్బాలున్నాయి, ఒకటి మంచిది, ఒకటి సొట్టపడింది. వాడు పెరట్లో చేతులు కడుక్కుంటుంటే నేను ఆ డబ్బాలు దింపబోయాను. రెండూ చేయి జారి కింద పడ్డాయి. కండెలన్నీ నేలంతా దొర్లాయి. ఏరి, దుమ్ము దులిపి, ముందు కావలసినవని కుంకుమరంగువి మంచి డబ్బాలో సర్దాను. పచ్చవి సొట్ట డబ్బాలో వేశాను. రంగుకు రంగు విడిగా సర్దాను కదా అని తృప్తి పడ్డాను.

కేశవులు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. పాదాలు ఒకదాన్నొకటి రుద్దుకున్నాడు.

"సొట్ట డబ్బాలోది ఇయ్యి బావా."

ఇచ్చాను. వాడు పోగును నోటితో పీల్చకుండా చిన్న కొక్కెంతో లాగి, నాడె విసిరాడు. మగ్గం చప్పుడు మొదలైంది. నాకు ఆ చప్పుడు ఇష్టం. వసుంధర పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆ చప్పుడుకే నిద్రపట్టేదనేది. కళ్ళు మూసుకుని గోడకు ఆనుకున్నాను. ఇంకో కండె అడిగితే మళ్ళీ అదే డబ్బాలోంచి ఇచ్చాను.

కళ్ళు తెరిచి చూస్తే నిప్పురంగు చీర మీద బెత్తెడు మేర మామిడాకు పచ్చ. అంచులా లేదు, పువ్వులా లేదు. అడ్డంగా, పట్టీ వేసినట్టు. కొత్త రకం డిజైనేమో అనుకున్నాను. వాడు నేస్తున్నాడు గదా, వాడికి తెలియదా అనుకున్నాను. వాడు ఆ పచ్చ మీదే మళ్ళీ నాడె విసరబోవడం చూసి ముందుకు జరిగాను.

"కేశవా, ఒక్క నిమిషం ఆపు. ఇప్పుడు నేసింది ఏం రంగు?"

"ఏం ప్రశ్న అది? కుంకుమ."

"చూసి చెప్పు."

వాడు చూశాడు. కిటికీకి వేలాడే గోనెపట్టా పక్కకు జరిపి, ఎండలో చూశాడు. ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. చివరికి చీర వైపు కాకుండా నా ముఖం వైపు చూశాడు, అక్కడేమైనా రాసి ఉంటుందేమోనన్నట్టు.

"పచ్చనా?" అన్నాడు చాలా చిన్నగా.

నేను తలూపాను. వాడు నాడెను ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కింటి మగ్గం చప్పుడు మాత్రం వినబడుతోంది.

"ఎప్పటినుంచి?"

"ధనుర్మాసంలో మొదలైంది. ముందు ఎరుపు పాతబడినట్ట కనపడె. తర్వాత పచ్చ. ఇప్పుడు రెండూ మురికి నీళ్ళలో ముంచి తీసినట్ట ఉండాయి. కాళ్ళు తిమ్మిరి. వేళ్ళకు చీమలు పారినట్ట ఉంటాది. పోగు దొరకదు."

"బాలనాగమ్మకు తెలుసా?"

"ఆమే గదా డబ్బాలు వేరు చేసింది. సొట్టది కుంకుమ, మంచిది పచ్చ. తడిమి చూసుకుంటా."

"మరి నెలనెలా డాక్టరమ్మ అడుగుతుంది గదప్పా, కళ్ళు ఎట్లున్నాయని, కాళ్ళు ఎట్లున్నాయని!"

"బాగుండాయని చెప్తా. గోడమీద అక్షరాలు చదివిస్తారు. అవి నల్లవే గదా, చదివినా." వాడు నా చేయి పట్టుకున్నాడు. ఆ పట్టులో వేళ్ళు నాకు తెలుస్తున్నాయి, వాడికి నా చేయి తెలుస్తోందో లేదో. "చెప్పొద్దు బావా. చెప్తే మాత్ర నిలిపేస్తారు. ఆసుపత్రిలో ఒకాయన చెప్తాండె, ఒక మాత్రకు కండ్లు పోతాయంట, అది నిలిపేస్తారంట. అప్పుడు నేనే నిలిపి ఇంత తెచ్చుకున్నా. మళ్ళ నిలిపితే ఈ తూరి ఏ మందూ ఉండదు. ఇంక కొన్ని వారాలే. కండ్లు పోతే పోనీ."

ఒక తప్పుకు భయపడి, వాడు దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న తప్పులోకి నడిచాడు. ఆ భయం అబద్ధమని వాడికి చెప్పే చదువు నాకు లేదు. నేను చదివింది మల్బరీ చెట్లూ పట్టుపురుగుల గురించి. మాత్ర ఆపి జబ్బు తిరగబెడితే, నోరు తెరిచినవాణ్ణి నేనవుతాను. నోరు మూసుకుని వాడు గుడ్డివాడయితే, అదీ నేనే. రెండు దారుల చివరా వసుంధర తమ్ముడే పడి ఉన్నాడు.

"నేను చెప్పకుండా ఉండలేనబ్బా," అన్నాను చివరికి. "రేపు పొద్దున రైలుకు పోతా. నువ్వు వస్తే ఇద్దరం చెప్తాం. రాకపోతే నేనొక్కణ్ణే చెప్తా."

వాడు చేయి వదిలేశాడు.

బాలనాగమ్మ దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చింది, చేతికి సీమంతం గాజులు, సంచిలో కొబ్బరిచిప్ప. మగ్గం మీద పచ్చపట్టీ చూసింది. గూట్లో డబ్బాలు చూసింది. నా వైపు తిరిగింది.

"కండెలు ఎవరు మార్చిరి?"

"నేనే. కింద పడితే ఏరి పెట్టినా."

"ఏమన్నా నువ్వు! ఆడపని ఎవరు చేయమనిరి నిన్ను!" అని అరిచింది. తర్వాత గొంతు దించింది. "చెప్తావా ఆయమ్మకు?"

"చెప్పాలమ్మా."

"నా కండ్లు ఇద్దరికీ సరిపోతాయిలే అన్నా. ఎరుపేదో పచ్చేదో నేను చెప్తా, ఆయన నేస్తాడు. ఊపిరైతే సగం తీసి ఇయ్యలేను గదా."

ఆమె కొంగు నడుముకు దోపి, "రా, ముందు ఇది విప్పుదాం. పొద్దున పట్టు ఇచ్చిన షావుకారు మనిషి వస్తే చూస్తాడు," అని మొగుణ్ణి పిలిచింది.

తప్పు నేసిన పేకను వెనక్కి విప్పడం నేయడం కన్నా కష్టం. ఒక్కో పోగు కొన దొరకపుచ్చుకుని, పడుగు కదలకుండా బయటికి తీయాలి. ఇద్దరూ చెరో వైపు కూర్చున్నారు. నేను టార్చిలైటు పట్టుకున్నాను. కేశవులు వంగి, కొన కోసం వేళ్ళతో రాసి రాసి వెతికాడు. దొరికిందనుకుని లాగాడు. టప్పున ఏదో తెగింది. పడుగు పోగు. ఇంకోసారి లాగాడు. ఇంకో పడుగు పోగు. అవి తెగుతున్నట్టు వాడికి తెలియడం లేదు. చప్పుడు వినబడ్డాక ఆగుతున్నాడు, అంతే.

బాలనాగమ్మ వాడి చేతిని మగ్గం మీద నుంచి తీసి, తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా గిల్లింది.

"ఇది?"

వాడు తలూపాడు.

"ఇది?"

వాడు ఊరుకున్నాడు.

ఆమె ఆ చేతిని మెల్లగా వాడి ఒళ్ళో పెట్టి లేచింది. చీర మీద తెల్లగుడ్డ కప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. పొద్దున నేను చొక్కా వేసుకుని బయటికి వచ్చేసరికి వసారాలో సంచి సర్ది ఉంది. కేశవులు చెప్పులేసుకుని నిలబడ్డాడు. "పోదాం పా అన్నా," అంది బాలనాగమ్మ. "తలుపుకు తాళం ఏస్తా."

రైల్లో జనం నిండుగా ఉన్నారు. కేశవులు ముఖానికి గుడ్డ కట్టుకుని ఉంటే, కిటికీ పక్కన కూర్చున్న ఒక ముసలాయన ఏమీ అడగకుండా లేచి, "ఈడ కూర్చో నాయనా, గాలొస్తాది," అని చోటిచ్చాడు. పెనుకొండ కొండ కనబడేదాకా కేశవులు బయటికే చూస్తూ ఉన్నాడు. చూసిన దాంట్లో పచ్చ ఎంత కనబడిందో నేను అడగలేదు.

రాధిక డాక్టరమ్మ విన్నది. మొదట అరిచింది. "నెలనెలా అడుగుతున్నానే! నోరు తెరిచి ఒక్కమాట చెప్పడానికేం?" తర్వాత కేశవులు ముఖం చూసి గొంతు తగ్గించింది. "హిందూపురం పోండి, ఇప్పుడే. కళ్ళ డాక్టరుకు నేను ఫోన్ చేస్తా. రేపు అనొద్దు."

హిందూపురంలో కళ్ళ డాక్టరు ధరణి అనే ఆవిడ. చుక్కల పుస్తకం ఒకటి తెరిచింది. ఒక్కో పుటలో రంగురంగుల చుక్కలు, వాటి మధ్య ఒక అంకె దాగి ఉంటుంది. మొదటిది కేశవులు టక్కున చెప్పాడు. బాలనాగమ్మ నా వైపు చూసి కొంచెం నవ్వింది. ఆ తర్వాత ఆవిడ పుటలు తిప్పుతూ పోయింది. వాడు ఒక్కటీ చెప్పలేదు. "చుక్కలే కనపడతాండాయి తల్లీ," అన్నాడు. వాడి వెనక నిలబడిన నాకూ బాలనాగమ్మకూ అంకెలు స్పష్టంగా కనబడుతున్నాయి. చెప్పడానికి ఆమె పెదాలు కదిలాయి, కానీ గట్టిగా మూసుకుంది.

సాయంత్రం మళ్ళీ పెనుకొండ. డాక్టరమ్మ మా కోసమే ఆగి ఉంది.

"కంటినరం వాచింది. లినెజోలిడ్ అనే మాత్ర వల్ల. దాన్ని ఈ రోజుతో ఆపేస్తున్నా. మిగతా మూడూ మామూలుగా వేసుకోవాలి."

కేశవులు రెండు చేతులూ జోడించాడు. "మాత్ర నిలిపితే రోగం మళ్ళ వస్తాదా తల్లీ?"

"రాదని రాసివ్వలేను," అందామె. "మీకు ముందొకసారి సగంలో ఆగిన వైద్యం ఉంది, చక్కెర ఉంది. అలాంటివాళ్ళ మీద మాకు కన్ను ఎక్కువ ఉండాలి. కానీ మీ కఫం రెండో నెల నుంచీ శుభ్రంగా ఉంది. ఆ మాత్ర చేయాల్సిన పని చాలావరకు చేసేసింది. అప్పుడు మీ అంతట మీరు అన్నీ ఆపేశారు. ఇప్పుడు నేను చూసి ఒకటి ఆపుతున్నా. రెండూ ఒకటి కాదు."

"కండ్లు?" అంది బాలనాగమ్మ.

"వస్తాయి, చాలామందికి. కొందరికి పూర్తిగా రావు. ఇంకో నెల దాచి ఉంటే అసలు రాకపోయేవేమో. కాళ్ళ తిమ్మిరి పోవడానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది."

వాళ్ళు ధర్మవరం వెళ్ళిపోయారు. ఆ తర్వాతి వారాలు నేను ఎలా గడిపానో చెప్పడం కష్టం. ఫోన్ మోగితే ముందు బాలనాగమ్మ గొంతు కాదు, ఆమె వెనక దగ్గు వినబడుతుందేమోనని చెవి ఒగ్గేవాణ్ణి. ఆదివారాలు పోయినప్పుడు వాడు గొంతు సవరించుకుంటే నేనూ బాలనాగమ్మా ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. అది వాడికి తెలిసి, గొంతులో గరగర వచ్చినా మింగుకునేవాడు.

ఫిబ్రవరి చివర నిజంగానే దగ్గాడు. రెండు రోజులు, పొడిగా. మూడో రోజు పొద్దున నేను చెప్పకముందే ధర్మవరం నుంచి వాడే వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"ముందు కఫం ఇచ్చొస్తా బావా. తర్వాత వస్తా నీ ఇంట్లేకి."

"ఈసారి దాచలేదే!"

"దాచేకి ఇంకేం మిగిలుండాది?" అన్నాడు.

ఆ పరీక్ష ఫలితం వచ్చేదాకా వాడు మా ముందు గదిలో, తలుపు బార్లా తెరుచుకుని పడుకున్నాడు. పాతకుక్క మళ్ళీ వచ్చి చేరింది. క్రిమి లేదన్నారు. చలి మారే రోజుల్లో వచ్చే జలుబు. నేను ఆసుపత్రి మెట్లమీద కూర్చుండిపోయాను. టీ అమ్మే మనిషి ఒకతను నా ముఖం చూసి ఏమనుకున్నాడో, అడగకుండానే గ్లాసు చేతిలో పెట్టి, ముందుకు పోయాడు.

రంగుల పరీక్ష బాలనాగమ్మ చేసేది. పొద్దున కాఫీతో పాటు రెండు కండెలు తెచ్చి మొగుడి ముందు పెట్టేది.

"ఇదేంది?"

"కుంకుమ."

"మూసుకో. నా ముఖం చూసి చెప్తాండావు. కండె చూసి చెప్పు."

మార్చిలో ఒక ఆదివారం నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగా వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం బావా, ఈ వయసులో చిలకపచ్చ తువ్వాల! పెండ్లిచూపులకు పోతాండావా?" వంటింట్లో గరిటె కింద పడ్డ చప్పుడు. బాలనాగమ్మ తడిచేతులతో బయటికొచ్చి, నా భుజం మీది తువ్వాలు లాక్కుని, వాడి ముక్కు ముందు పెట్టి, "మళ్ళ చెప్పు" అంది. వాడు మళ్ళీ చెప్పాడు. ఆమె ఆ తువ్వాలుతోనే ముఖం తుడుచుకుంది. నాకు తిరిగి ఇవ్వలేదు.

పచ్చ తిరిగి వచ్చింది. కుంకుమ ఇంకా మసకగానే ఉంది. నిప్పురంగు తనకు ఆరిన నిప్పులా కనబడుతుందంటాడు. కాలివేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. చెప్పు జారినా తెలియక, ఒంటిచెప్పుతో సందు చివరిదాకా పోయి వస్తాడు. సొట్ట డబ్బా పద్ధతి ఇంకా నడుస్తోంది.

మాత్రలు మార్చి నెలాఖరుకు పూర్తయ్యాయి. చివరి కఫాన్ని ల్యాబులో పెంచి చూసే పరీక్ష ఒకటి ఉంది. దాని ఫలితం రావడానికి వారాలు పడుతుంది. మే నెలలో, ఎండ మండే ఒక మధ్యాహ్నం, రాధిక డాక్టరమ్మ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి కాగితం చూపించింది. ఏమీ పెరగలేదు. నయమయిందని రాసింది. "రెండేళ్ళ దాకా పిలిచినప్పుడల్లా రావాలి," అంది. కేశవులు ఆ కాగితం వైపు చూడలేదు. "ఎవరికీ అంటదా తల్లీ?" అని అడిగాడు. ఆమె ఆశ్చర్యపోయింది. "ఎప్పుడో చెప్పాను గదా! నవంబరు నుంచే అంటదు." వాడు బాలనాగమ్మ వైపు చూసి, చటుక్కున నేల చూశాడు.

ఆ సాయంత్రం నన్ను కూడా ధర్మవరం తీసుకుపోయారు. బాలనాగమ్మ ఓళిగలు చేసింది. తినేసరికి చీకటి పడింది. ఎండాకాలం గనక ఉక్కగా ఉంది. వసారాలో కేశవులు మంచం ఎప్పటిలాగే వేసి ఉంది. వాడు దుప్పటి చేతిలో పట్టుకుని, మంచానికీ తలుపుకూ మధ్య నిలబడిపోయాడు.

"అన్న ఈడ గాలికి పడుకుంటాడు," అంది బాలనాగమ్మ లోపలినుంచి.

"నేను కింద చాప ఏసుకుంటాలే," అన్నాడు వాడు.

"చాప లేదు."

చాప ఉంది. గోడకు చుట్టి ఆనించి ఉంది. నాకు కనబడుతూనే ఉంది. నేను మంచమెక్కి, గోడవైపు తిరిగి పడుకున్నాను.

తర్వాత వాడి మొద్దుకాళ్ళు నెమ్మదిగా గడప దాటిన చప్పుడు. నెలల తరబడి తెరిచే ఉన్న ఆ తలుపు, కిందికి వాలిన చెక్క నేలకు రాసుకోకుండా, బాలనాగమ్మ రెండు చేతులతో కొద్దిగా పైకెత్తి పట్టుకుని, దగ్గరికి వేసింది. గడియ పెట్టింది కూడా, నాకు వినబడకూడదన్నంత మెల్లగా.